తవ్వమన్న మాట

పోయిన వారం ఉమామహేశ్వరి సదానందం ఇంటి గుమ్మం ముందు ఆగిపోయింది. కాలింగ్ బెల్ మీద వేలు పెట్టింది, నొక్కలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోను, ఆ ఫోనులో సదానందం గొంతు ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట అంటార్కిటికాలో మంచు తుఫానులో చిక్కుకున్న ఆమె భర్త లక్ష్మీపతితో రేడియోలో మాట్లాడిన గొంతు అది. అప్పట్లో క్యాంపులో రేడియో దగ్గర కూర్చున్న ముసలాయన, రిటైరయ్యాక అటక సర్దుకుంటుంటే ఆ రికార్డింగు బయటపడి, ఆమెకి పంపాడు. లక్ష్మీపతి శవం ఇప్పటికీ దొరకలేదు. "జెండాలు పాతిన దారి మీదకి రమ్మన్నాను, దారిలోనే ఉన్నానన్నాడు, వెళ్లి చూస్తే లేడు" అని సదానందం ఎంక్వయిరీలో చెప్పాడు. రికార్డింగులో మాత్రం అదే గొంతు "తవ్వు" అంటోంది.

ఆమె బెల్ నొక్కింది.

నొక్కిన మరుక్షణం వెనక్కి తిరిగి కార్ ఎక్కేస్తే ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది. కోపంతో బయల్దేరిన మనిషికి కనీసం ఆ కోపమన్నా చివరిదాకా తోడుండాలి. దార్లోనే అదీ అయిపోయింది. మిగిలింది అలసట. మోరిస్‌విల్‌లో ఈ కొత్త కాలనీ ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నంబరు చూసుకోకపోతే ఇంటాయనే పక్కింటి తలుపు తడతాడు. గ్యారేజీ గోడకి మట్టి బస్తాలు, ఒక పార ఆనించి ఉన్నాయి. త్రివేణి పెరట్లో గోంగూర వేస్తుందని గుడి దగ్గర ఎవరో అనగా విన్నది. పార కనబడగానే ముఖం తిప్పుకుంది. ఆ రికార్డింగు విన్నప్పట్నించి ఎక్కడ పార కనబడ్డా అంతే.

తలుపు తీసినవాడు సదానందమే. జుట్టు బాగా నెరిసింది. ఇండియన్ స్టోర్‌లో ఈ మనిషి ఒక వరసలో కనబడితే తను ఇంకో వరసలోకి తిరిగిపోవడం ఉమకి ఏళ్లుగా అలవాటు. ఆయనకీ అదే అలవాటని బియ్యం మూటల మధ్య చాలాసార్లు తేలింది. ఇప్పుడు తప్పుకోవడానికి వరసల్లేవు.

"రండి ఉమగారూ, లోపలికి రండి" అన్నాడు, రమ్మని తనే పిలిచినట్టు. చెప్పులు ఎక్కడ విడవాలో చూపించాడు. త్రివేణి బయటికి వెళ్లిందనీ, వచ్చేస్తుందనీ, పిల్ల నైనిక ఫ్రెండ్ ఇంట్లో ఉందనీ చెప్పాడు. సదానందం మాట ఎప్పుడూ అంతే, వార్తలు చదివేవాడి మాట. జగిత్యాల దగ్గరి ఊరివాడని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. చేశాను, వెళ్లాను, దయచేసి కూర్చోండి. అన్నీ ఇస్త్రీ చేసి మడత పెట్టిన మాటలు. వీడు నిద్రలో కలవరించినా పుస్తకం భాషలోనే కలవరిస్తాడని లక్ష్మీపతి నవ్వేవాడు.

టీ వద్దంది. అయినా పెట్టాడు. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా.

శనివారం పక్క ఊరు రాలీ మ్యూజియంలో మొదలయ్యే ఎగ్జిబిషన్ సంగతి ఆయనకీ తెలుసు. ఆ మంచు ఖండానికి మనుషులు పోవడం మొదలైనప్పటి నుంచి ఇప్పటి దాకా కథంతా గోడల మీద పెట్టారు. పోయినవాళ్ల కుటుంబాలకి ముందుగా చూపిస్తామంటే ఉమ ఆఫీస్‌కి సెలవు పెట్టి వెళ్లొచ్చింది. మొదటి గదిలో ఓడలు. మంచు గోడ దాకా వెళ్లి, అవతల నేలుందో లేదో తేల్చుకోలేక వెనక్కి తిరిగినవాళ్ల ఓడలు. తర్వాతి గదిలో నేల చూసినవాళ్లు. చూసినవాడు చూసినట్టు పేర్లు పెట్టుకుంటూ పోయాడు. రాజుల పేర్లు, రాణుల పేర్లు, ప్రయాణానికి చందా ఇచ్చిన ఫ్యాక్టరీ ఓనర్ల పేర్లు. ఒక ఫ్రెంచి నావికుడు ఇంటి దగ్గరున్న పెళ్లాం పేరు అక్కడి నేలకి పెడితే, పోనుపోను ఆ పేరు అక్కడి పెంగ్విన్లకి కూడా అంటుకుంది. మూడో గది దక్షిణ ధ్రువం పందానిది. కుక్కల్ని నమ్ముకున్న నార్వే వాళ్లు ముందు చేరి, దారిలో ఆ కుక్కల్లోనే కొన్నిటిని తిని, బతికి తిరిగొచ్చారు. మొదట గుర్రాల్నీ తర్వాత తమ భుజాల్నీ నమ్ముకున్న ఇంగ్లీషు వాళ్లు ఆలస్యంగా చేరి, తిరుగు ప్రయాణంలో పోయారు. వాళ్లలో ఒకాయనకి కాళ్లు మంచుకి పాడైపోయాయి. తోటివాళ్లకి బరువవుతున్నానని గుడారంలోంచి తుఫానులోకి నడిచి వెళ్లిపోయాడు. ఆయన శవం కూడా దొరకలేదు. ఆయనకి గోడంత ఫోటో, దాని కింద త్యాగం అన్న మాట.

చివరి గదిలో ఇప్పటి కాలం. ట్రాక్టర్లు, రాడార్లు, కంప్యూటర్లు. తలుపు పక్కన మూలగా ఒక చిన్న పలక మీద లక్ష్మీపతి నవ్వుతున్నాడు. మంచు మందం కొలిచే రాడార్‌కి సాఫ్ట్‌వేర్ రాసినవాడు, దాన్ని చూసుకోవడానికి సర్వే బృందంతో వెళ్లినవాడు అని రాసి, కింద ఒక్క వాక్యం పెట్టారు. తుఫానులో, గుర్తులు పాతిన దారిని తనంతట తాను విడిచి వెళ్లి మరణించాడు, అని.

ఇంగ్లీషువాడు నడిచి వెళితే త్యాగం. తెనాలివాడు నడిచి వెళితే వాడి ఖర్మ.

ఆ ఒక్క వాక్యం తీయించడానికే ఉమ ఇక్కడికి వచ్చింది. కూతురు మేధ శనివారం కాలేజీ స్నేహితుల్ని వెంటబెట్టుకుని మరీ వస్తానంటోంది. ఆ పిల్లకి నాన్న ముఖం ఫోటోల్లోనే గుర్తు. నాన్న తుఫానులో పోయారన్నది ఒక్కటే ఇన్నాళ్లూ తెలుసు. రేపు పదిమందిలో నిలబడి, తన తప్పువల్లే పోయాడని గోడ మీద చదువుకుంటుంది. క్యురేటర్ చెడ్డ మనిషేం కాదు. ఆ వాక్యం ఎంక్వయిరీ రిపోర్టులోంచి తీసుకున్నామనీ, ఆ రిపోర్టు ఒకే ఒక్క సాక్షి మాట మీద నిలబడిందనీ, ఆ సాక్షి మాట మారిస్తే తామూ మారుస్తామనీ చెప్పింది. ఆ సాక్షి ఇప్పుడు ఉమ ముందు టీ కప్పు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రోజు మీరు ఆయనతో ఏమన్నారో చెప్పండి" అంది.

సదానందం ఆశ్చర్యపోలేదు. ఎంక్వయిరీలో చెప్పిందే మళ్లీ చెప్పాడు, అదే వరసలో, దాదాపు అవే మాటల్లో. లక్ష్మీపతి స్నో స్కూటర్ మీద ఒక రాతి గట్టు కిందికి వెళ్లాడు, అక్కడ పాతిన పరికరం పెట్టె పనిచేయడం లేదని. ఉన్నట్టుండి తుఫాను దిగింది. నేలా ఆకాశం కలిసిపోయి, మనిషిని పాలల్లో ముంచినట్టయింది. స్కూటర్ స్టార్ట్ కాలేదు. సదానందం ట్రాక్టర్ జెండాల వరస మీద ఉంది. వెదురు కర్రలకి జెండాలు కట్టి పాతిన ఆ వరస మీద మంచు గట్టిది. పక్కకి దిగితే ఎక్కడ చీలిక ఉందో ఎవరికీ తెలియదు. క్యాంపు నుంచి బృందం లీడర్ రేడియోలో ఇంగ్లీషులో పిలిచి పిలిచి విసిగిపోయాడు. లక్ష్మీపతి చలికి మొద్దుబారిపోయాడు, అటునుంచి ముక్కు చీదినట్టు ఏదో శబ్దం తప్ప జవాబు లేదు. నువ్వు మీ భాషలో చెప్పి చూడు అని లీడర్ ఆ పని ట్రాక్టర్‌లో ఒంటరిగా ఉన్న ఈయనకి అప్పగించాడు.

"దారి మీదకి రమ్మని చెప్పాను. దారిలోనే ఉన్నానన్నాడు. జెండాల వెంట బండి నడిపాను. అతను కనబడలేదు. గట్టుకి ఎదురుగా బండి ఆపుకుని, తుఫాను విడిచేదాకా అక్కడే కూర్చున్నాను. అంతే ఉమగారూ. అంతకంటే నా దగ్గరేమీ లేదు."

"రమ్మన్నారా, తవ్వమన్నారా?"

అర్థం కానట్టు చూశాడు.

అక్కడికి వెళ్లేవాళ్లందరికీ ముందు నేర్పే పాఠం ఉమకి కూడా తెలుసు. లక్ష్మీపతే వెళ్లేముందు ఉత్సాహంగా చెప్పాడు. తుఫాను కమ్మితే చేయదగ్గవి రెండే. జెండాలు దగ్గరుంటే జెండాలు పట్టుకోవడం. లేదంటే ఉన్నచోటే మంచులో గొయ్యి తవ్వుకుని, పైన గుర్తుకి పార నిలబెట్టి, లోపల ముడుచుకుని కూర్చోవడం. గొయ్యి తవ్వుకున్నవాడు ఇంక కదలకూడదు. వెతకడానికి వచ్చేవాళ్లు అక్కడికే రావాలి.

"మీరు తవ్వమన్నారు" అంది ఉమ. గొంతు పెంచే ఓపిక లేక మామూలుగానే అంది. "ఆయన తవ్వుకుని కూర్చున్నారు. మీరేమో జెండాల వెంట వెతికారు. తర్వాత మీ మాట పైకి రాకుండా ఉండాలని, దారి మీదకి రమ్మన్నానని చెప్పారు. ఆ తప్పు ఆయన మీద పడింది. మీ గొంతు నా ఫోనులో ఉంది."

"వినిపించండి."

"ముందు మీ నోటితో చెప్పండి. విన్నాక ఎవరైనా కథ అల్లగలరు."

ఉమది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. బగ్ లేదని ఎవరెంత గట్టిగా చెప్పినా నమ్మకుండా బతకడం నేర్చుకుంది. ఆఫీస్‌లో నవ్వుతూ అబద్ధాలాడే మేనేజర్లని, మీ ఉద్యోగాలకేం ఢోకా లేదని చెప్పిన మర్నాడే మెయిల్ పంపేవాళ్లని చూసింది. అబద్ధం ముఖంలో ఎక్కడ దాక్కుంటుందో ఆమెకి తెలుసు. సదానందం ముఖంలో అది కనబడలేదు. అదే ఆమెని నీరుగార్చింది.

"నైనిక మీద ఒట్టు. తవ్వు అన్న మాట నా నోట రాలేదు" అన్నాడు.

టీ మీద మీగడ కట్టింది. ఈ మనిషి అబద్ధం చెప్పడం లేదు. ఫోనులో ఉన్న గొంతు ఈ మనిషిదే. రెండూ నిజమైతే తను వెర్రిదై ఉండాలి. ఆ రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకుని, ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది ఉమకి.

అప్పుడు కిచెన్ గట్టు మీద ఆయన ఫోను మోగింది. త్రివేణి. లేచి వెళ్లి, వేలితో నొక్కి స్పీకర్‌లోనే పెట్టాడు.

"ఏడున్నవ్?" అన్నాడు.

ఉమ తలెత్తి చూసింది. ఈ మనిషి నోట అటువంటి మాట ఎప్పుడూ వినలేదు. ఇస్త్రీ మడతలన్నీ ఒక్కసారి ఊడిపోయి, లోపలి మనిషెవరో పలికినట్టుంది.

అటునుంచి కార్ హోరు. బ్లూటూత్‌లో త్రివేణి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "తవ్వుతున్న... ఇగో వస్త... పాలు తీస్కొస్తున్న." కట్ అయింది.

మర్యాద అలవాటు ఎంత పాడుదంటే, చావు సంగతి మాట్లాడుతూ కూడా మనిషి కుశలప్రశ్న వేస్తాడు. "ఇంత ఎండలో త్రివేణి ఏం తవ్వుతోంది?" అని అడిగింది ఉమ.

సదానందానికి నవ్వొచ్చింది. ఆమె వచ్చాక అదే మొదటి నవ్వు. "తవ్వుడెక్కడిది? కార్‌ల ఉన్నది. తొవ్వల ఉన్న అన్నది. తొవ్వ అంటే..."

అక్కడ ఆగాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"తొవ్వ అంటే?" అంది ఉమ.

"దారి" అన్నాడు.

ఉమ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఫోను తీసి టేబుల్ మీద పెట్టింది. మొదటిసారి తప్పు నొక్కింది. రెండోసారి గరగర మొదలైంది. బాణలిలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఆ రొద, దాని వెనక చాలా దూరంగా గొంతు. ఎన్నిసార్లు విన్నదో. ప్రతిసారీ ఒకటే వినబడింది: లక్ష్మీపతీ, తవ్వు, తవ్వి పెట్టు, నేనొస్తున్న. ఇప్పుడు అదే రొదలోంచి అదే గొంతు, జగిత్యాల గొంతు, బతిమాలుతూ వచ్చింది.

"లక్ష్మీపతీ... తొవ్వ... తొవ్వ వట్టు... నేనొస్తున్న."

అయిపోయింది. సదానందం మళ్లీ పెట్టమన్నాడు. పెట్టింది. మూడోసారి ఆయనే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు.

"నేను దారి అన్ననే అనుకున్న" అన్నాడు. "ఇన్నేండ్ల సంది ఆ మాటనే చెప్తున్న. ఇంగ్లీషుల రూట్ అని చెప్పిన, మీకు దారి అని చెప్పిన. గప్పుడు నోట్లెకెళ్లి ఏం మాట వచ్చిందో నాకే యాది లేదు."

ఆయనా లక్ష్మీపతీ క్యాంపులో ఒకే గదిలో ఉన్నవాళ్లు, ఒకే కంచంలో తిన్నవాళ్లు, ఆ మాత్రం మాట లక్ష్మీపతికి తెలియదా అని ఉమ అడగబోయింది. అడగకుండానే ఆయన చెప్పాడు.

"నేను మీవోళ్ల ముందర ఆ మాట ఎన్నడు అనలే, వదినె."

ఆయన ఆమెని వదినె అనడం ఇదే మొదలు. అన్నాళ్లూ ఉమగారే.

ఎప్పుడో ఫ్రిస్కోలో ఉన్నప్పుడు, మొదటిసారి ఉమ వాళ్లింటికి భోజనానికి పిలిచిన రోజు సంగతి చెప్పాడు. కూర బాగుందని చెబుతూ ఆనిగెపుకాయ అన్నాడట. ఉమ, లక్ష్మీపతి ఒకరి ముఖం ఒకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వారట. సొరకాయకి ఇంత పొడుగు పేరా అని లక్ష్మీపతి మళ్లీ మళ్లీ అనిపించుకుని మరీ నవ్వాడట. "చెడ్డగ నవ్వలే. ప్రేమతోటే నవ్విండ్రు. గనీ నేను ఆ రోజుకెళ్లి మాట మార్చుకున్న. ఆఫీస్‌ల, క్యాంపుల, మీ ఇంట్ల, అంతట. మా అమ్మ మాట ఇంట్ల త్రివేణితోనే. భయమైనప్పుడు మాత్రం అమ్మ మాటనే వస్తది గద. అది మనం చెప్తే వినది."

ఉమకి ఆ భోజనం గుర్తుంది. సొరకాయ కూరా గుర్తుంది. నవ్వినట్టు మాత్రం గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఆ నవ్వు దొరకలేదు. ఒక మనిషి భాష మొత్తం మార్చుకునేంత నవ్వు నవ్వి, చేతులు కడుక్కున్నట్టు మరిచిపోయిందన్న మాట. మీ భాషలో చెప్పు అన్నాడు ఆ లీడర్. మీ భాష ఒకటే అనుకున్నాడు పాపం. ఇన్నాళ్లూ తనూ అలాగే అనుకుంది.

సదానందం ఇంకా ఒక కొస పట్టుకుని వేలాడుతున్నాడు. "అట్లయితే వాడు నాకు జవాబెందుకు చెప్పిండు?" అన్నాడు. "క్యాంపు రేడియోకి వాని చిన్న సెట్టు అందలేదు, గందుకే రికార్డుల లేదు. నేను విన్న. నా చెవులార విన్న. తొవ్వలున్న అన్నడు. అందుకే గద నేను జెండాలెంబడి పోయింది, గట్టు దిక్కు పోనిది."

ఉమకి అప్పటికే తెలిసిపోయింది. ఇది చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. ఆయన మాట మారుస్తాడు, గోడ మీద వాక్యం మారుతుంది, మేధ నవ్వుతూ ఫోటో తీయించుకుంటుంది. ఈ సగం చాలు. మిగతా సగం ఈ మనిషి నెత్తిన పడేయనక్కర్లేదు. ఒకప్పటి ఉమ అయితే పడేసి ఉండేది, ఆ బరువుకి ఆయన కుంగడం చూసి కడుపు చల్లబడి ఉండేది. ఇప్పటి ఉమకి కావలసింది చల్లదనం కాదు. ఈ లెక్క ఎక్కడో ఒక చోట ముగియాలి.

"ఆయన మీతో తొవ్వ అన్న మాట ఎప్పుడైనా అన్నారా?" అని అడిగింది.

సదానందం తల అడ్డంగా ఊపాడు.

"ఆయనది తెనాలి, అన్నయ్యా. చచ్చేవేళ కూడా దారిలో ఉన్నాను అనే అంటారు. తొవ్వలున్న అనరు." ఒక్క క్షణం ఆగింది. "తవ్వుతున్నా అన్నారు."

సదానందం పెదాలు కదిలాయి. శబ్దం లేకుండా ఆ రెండు మాటల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసుకుంటున్నాడని ఆమెకి అర్థమైంది. తొవ్వలున్న. తవ్వుతున్న. గాలి హోరులో, చలికి దవడలు కొట్టుకుంటుంటే, ఏది ఏదో ఎవడికి తెలుస్తుంది? ఈయన దారి పట్టమంటే ఆయన తవ్వాడు. ఆయన తవ్వుతున్నానంటే ఈయన దారిలో ఉన్నాడనుకున్నాడు. ఒకరి మాట ఒకరు వింటూనే, ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూనే, పిలిస్తే పలికేంత దూరంలో విడిపోయారు.

ఆయన ఏడవలేదు. లేచి వెళ్లి, తాగని టీ సింక్‌లో పారబోసి, కప్పులు కడిగాడు. కడిగిన కప్పు మళ్లీ కడిగాడు.

"ఇయ్యాల్నే రాసిస్త" అన్నాడు అటు తిరిగే. "మ్యూజియం వాళ్లకి. వాడు దారి తప్పలేదు, చెప్పింది చేసిండు అని రాస్త. చెప్పినోడు నేను అని కూడ రాస్త."

ఉమ వచ్చిన పని అయిపోయింది. గుండె తేలికపడాలి. పడలేదు. లేవబోతూ, కుర్చీ వెనక్కి జరుపుతుంటే, సదానందం చేతులు తుడుచుకుంటూ వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఒకటి చూడాలె వదినె మీరు. నేనే పొరపాటు చేసిన."

మ్యూజియం క్యురేటర్ కొన్నాళ్ల కిందట ఆయనకి ఒక ఫోటో పంపిందట. పోయిన సీజన్‌లో ఆ రాతి గట్టు మీదుగా వెళ్లిన ఒక సర్వే బృందం తీసింది. గట్టు కింద గాలి మంచుని పేర్చదు, ఊడ్చి పారేస్తుంది. ఎప్పటివో పాత వస్తువులు అక్కడ బయటపడుతుంటాయి. ఇది మీ బృందం వస్తువేనా అని ఆమె అడిగింది. మాది కాదు, మావాడు అప్పటికే గట్టు వదిలి దారి మీదకి వచ్చేశాడు అని ఈయన జవాబు రాశాడు. దాంతో ఆ ఫోటోకి పూర్వపు ఏదో యాత్ర వదిలిన గుర్తు అని కింద రాసి, పాతవాళ్ల గదిలో తగిలించారు. ఉమ ఆ గదిలోంచి నడిచింది. ఆ ఫోటో పక్కనుంచే నడిచి ఉంటుంది. కుక్కల దగ్గరా గుర్రాల దగ్గరా ఆగింది గానీ దాని దగ్గర ఆగలేదు.

ఫోటోలో నల్లటి గట్టు, దాని కింద నీలంగా మెరిసే మంచు. మంచులోంచి నిలువుగా ఒక పార పిడి. పిడికి చుట్టి ఒక గుడ్డ పీలిక. ఎండకీ గాలికీ వెలిసిపోయినా పసుపని తెలుస్తోంది.

ఉమ స్క్రీన్ దగ్గరికి ముఖం పెట్టింది. ఆ పీలిక తన చున్నీది. విమానం దిగాక బెల్టు మీద అన్ని నల్ల సూట్‌కేసులే తిరుగుతుంటాయి, మనది తెలియాలి కదా అని తనే చింపి, ఆయన సూట్‌కేస్ హ్యాండిల్‌కి కట్టింది. రెండు ముళ్లు వేసింది. ఇప్పుడూ రెండు ముళ్లే ఉన్నాయి. వేసిన చేతులు మాత్రం తనవి కావు.

"ఆయన పార" అంది.

వేలితో ఫోటో పెద్దది చేసింది. పార పక్కన గొయ్యి నోరు. గాలి పైకప్పుని ఊడ్చేస్తే తెరుచుకుని ఉంది. లోపల నీలం మంచు తప్ప ఏమీ లేదు. మనిషి లేడు. చాప ముక్క ఒకటి ఉందేమో, నీడో.

ఫోటోని పక్కకి జరిపింది. గొయ్యికి కొంత దూరంలో, మంచులో గుచ్చిన చిన్న మేకు లాంటి దాని మీద, ఒక పసుపు చుక్క. దాని అవతల ఇంకోటి. ఇంకా అవతల ఆవగింజంత ఇంకోటి.

"గవి లెన్స్ మీద మరకలనుకున్న" అన్నాడు సదానందం.

"గొయ్యి తవ్వుకున్నవాడు కదలకూడదు కదా."

"కదలకూడదు."

"కదిలారు."

ఆయన చాలాసేపు ఆ చుక్కలనే చూశాడు. చున్నీ పీలికని ఇంకా పీలికలు చేసి, స్కూటర్ మీదున్న గుడారం మేకులకి కట్టుకుంటూ, ఒక్కో అడుగుకీ ఒక్కో గుర్తు పెట్టుకుంటూ పోయిన మనిషిని చూస్తున్నట్టు.

"సమజైనట్టుంది వదినె" అన్నాడు. "వానికి నా మాట. జర ఆలస్యంగ."

సమజైంది అంటే ఏమిటో ఆమెకి విడమర్చి చెప్పే పని లేకపోయింది. గోతిలో ముడుచుకుని కూర్చుని, తిరగేసి మరగేసి ఆ మాటనే వింటూ, తవ్వి పెట్టడమేమిటి, ఏం పెట్టడం అని అనుమానం వచ్చి, సదానందం ఊరూ, వాళ్లమ్మ ఫోనులో మాట్లాడే తీరూ గుర్తొచ్చి, లక్ష్మీపతి లేచాడు. దారి లేనిచోట దారి వేసుకుంటూ నడిచాడు. ఏ వాక్యాన్ని చెరిపేయడానికి ఆమె వచ్చిందో, అదే వాక్యం వేషం మార్చుకుని ముందు నిలబడింది. మరి ఎటు నడిచాడు?

సదానందం వేలు చుక్కల వెంట మెల్లగా జరిగి ఫోటో అంచు దగ్గర ఆగింది. ఆ అంచు అవతల ఏముందో ఆయనకి తెలుసు.

"జెండాలు గాడనే" అన్నాడు. "నేను బండి ఆపుకొని కూసున్నది కూడ గాడనే."

తుఫాను విడిచేదాకా ట్రాక్టర్ అక్కణ్ణించి కదల్లేదని రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు ఉమకి కంఠతా వచ్చు. కదలకుండా ఉంటే, ఈ చుక్కల చివర లక్ష్మీపతి ఆ బండి తలుపే తట్టి ఉండాలి.

"మీరు అక్కణ్ణించి ఎప్పుడు కదిలారు, అన్నయ్యా?" అంది.

బయట గ్యారేజీ తలుపు గరగరమంటూ పైకి లేచింది. కార్ లోపలికి వచ్చిన చప్పుడు, ఇంజన్ ఆగిన చప్పుడు. సదానందం ల్యాప్‌టాప్ మూతని చేత్తో మెల్లగా కిందికి నొక్కాడు.

"రిపోర్టుల రాసింది త్రివేణికి తెలుసు" అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "తుఫాను ఇడువక ముందే నేను బండి తీసింది తెల్వది."